నిజానికి తలవంచిన వైద్యుడు: డాక్టర్ ఎవర్ట్స్ గ్రాహమ్ జీవితం

పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన సంఘాల్లో ఒక ప్రార్థన మనవి తప్పకుండా వినిపిస్తుంది. మా అబ్బాయికి మెడికల్ సీటు రావాలి, మా అమ్మాయి పెద్ద సర్జన్ కావాలి అని తల్లిదండ్రులు పాస్టరు గారి చేతికి చీటీలు అందిస్తారు. సంఘమంతా ఆమేన్ అంటుంది. మేమూ అంటాం. వైద్యవృత్తి గొప్ప సేవ. ఆ దారిలో నడవాలని కోరుకోవడం మంచి కోరికే.

అయితే ఆ దారి ఎంత పొడవైనదో కూడా మన పిల్లలకు చెప్పాలి. ఉదాహరణకు ఊపిరితిత్తుల సర్జన్ కావాలనుకునే విద్యార్థినే తీసుకుందాం. నీట్ రాసి సీటు సంపాదించిన తరువాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్‌కు 5.5 ఏళ్ళు, జనరల్ సర్జరీలో ఎంఎస్‌కు 3 ఏళ్ళు, ఆపైన గుండె, ఛాతీ శస్త్రచికిత్సలో ఎంసీహెచ్‌కు మరో 3 ఏళ్ళు కావాలి. ఎక్కడా ఒక్క ఏడాది కూడా ఆగకుండా వెళ్ళినా 11.5 ఏళ్ళు. 18 ఏళ్ళకు కాలేజీలో అడుగుపెట్టిన పిల్లవాడు 30కి దగ్గరపడతాడు.

అన్నేళ్ళ చదువు చేతులకు నేర్పు ఇస్తుంది, బుద్ధికి జ్ఞానం ఇస్తుంది. మరి మనసుకు ఏమి నేర్పాలి? ఈ ప్రశ్నకు మాకు తెలిసిన జీవితాల్లో బాగా జవాబిచ్చే జీవితం ఒకటుంది. క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో పూర్తిగా తీసివేసి, రోగిని బతికించి ఇంటికి పంపిన మొట్టమొదటి వైద్యుడు డాక్టర్ ఎవర్ట్స్ గ్రాహమ్. ఆ ఆపరేషన్ వల్లనే ఆయన పేరు చరిత్రలో నిలిచింది. కానీ ఆయన నుంచి మన పిల్లలు నేర్చుకోవలసింది ఆ ఆపరేషన్ ఒక్కటే కాదని మా నమ్మకం.

తండ్రి బాటలో

ఎవర్ట్స్ ఆంబ్రోస్ గ్రాహమ్ 1883 మార్చి 19న అమెరికాలోని చికాగో నగరంలో పుట్టారు. తండ్రి డేవిడ్ గ్రాహమ్ అదే నగరంలోని ప్రెస్బిటీరియన్ ఆసుపత్రిలో పేరున్న సర్జన్. కుమారుడు కూడా చిన్నప్పటి నుంచీ ఆ వృత్తినే కోరుకున్నాడు. ప్రిన్స్‌టన్‌లో చదివి 1904లో పట్టా పొందారు. 1907లో చికాగోలోని రష్ మెడికల్ కాలేజీ నుంచి వైద్యుడై బయటికొచ్చారు. తండ్రి పనిచేసిన ఆసుపత్రిలోనే తర్ఫీదు పొందారు.

అక్కడితో ఆగి ప్రాక్టీసు పెట్టుకుంటే తండ్రి పేరు చాలు, రోగులు వరుస కట్టేవారు. కానీ ఆయన మళ్ళీ విద్యార్థి అయ్యారు. శరీరం లోపల ఏమి జరుగుతుందో తెలియాలంటే కత్తి ఒక్కటే చాలదని, రసాయన శాస్త్రం కూడా తెలియాలని చికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడే హెలెన్ ట్రెడ్వే అనే శాస్త్రవేత్తతో పరిచయమైంది. 1916లో వారి పెళ్ళి జరిగింది. ఆమె తరువాతి కాలంలో ఔషధ శాస్త్రంలో తనంతట తానే పేరు తెచ్చుకున్న పరిశోధకురాలు. వారికి ఇద్దరు కుమారులు.

పెళ్ళికి ముందే, 1915లో, గ్రాహమ్ అయోవా రాష్ట్రంలోని మేసన్ సిటీ అనే పట్టణంలో ప్రాక్టీసుకు వెళ్ళారు. అక్కడ ఆయనకు ఒక అలవాటు ఎదురైంది. రోగిని సర్జన్ దగ్గరికి పంపిన డాక్టరుకు సర్జన్ తన ఫీజులో కొంత వాటా రహస్యంగా ఇచ్చేవాడు. దాని ఫలితం ఊహించడం కష్టం కాదు. రోగి వెళ్ళేది మంచి సర్జన్ దగ్గరికి కాదు, ఎక్కువ వాటా ఇచ్చే సర్జన్ దగ్గరికి. అవసరం లేని ఆపరేషన్లూ జరుగుతాయి. రోగికి మాత్రం ఏమీ తెలియదు. గ్రాహమ్ ఆ వాటాలకు ఒప్పుకోలేదు. దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. రెండేళ్ళకే ఆ ఊరి ప్రాక్టీసు వదులుకున్నారు.

కమీషన్ అనే మాట మన ఊళ్ళలోనూ కొత్తది కాదు. అందుకే ఆయన జీవితంలోని ఈ చిన్న ఘట్టాన్ని దాటి వెళ్ళడం మాకు ఇష్టం లేదు. పెద్ద పరీక్షలు రాకముందే దేవుడు మనిషికి చిన్న పరీక్షలు పెడతాడు. వాటిలో తప్పినవాడు పెద్దవాటిలో నెగ్గడం అరుదు.

సైనికుల ఊపిరి

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. వేలాది మంది యువకులను శిక్షణా శిబిరాల్లో గుంపులుగా ఉంచారు. ఆ ఇరుకులో ముందు తట్టు, తరువాత ఇన్‌ఫ్లుయెంజా అంటుకున్నాయి. వాటి వెంట ప్రమాదకరమైన న్యుమోనియా వచ్చింది. న్యుమోనియా వచ్చిన చాలామందికి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య చీము చేరేది. శత్రువు తూటా చూడకముందే ఆ పిల్లలు శిబిరాల్లో చనిపోయారు.

అప్పటి వైద్యానికి ఒకే సూత్రం ఉండేది. చీము ఎక్కడ ఉంటే అక్కడ వెంటనే కోసి బయటికి తీయాలి. చేతి మీద గడ్డకు ఆ సూత్రం సరిపోతుంది. ఛాతీకి కూడా అదే చేశారు. పక్కటెముకల మధ్య కోసి రంధ్రం చేసేవారు. అలా చేసినవారిలో సైన్యమంతటా సుమారు 30 శాతం మంది మరణించారు. కొన్ని శిబిరాల్లో పరిస్థితి అంతకంటే ఎంతో ఘోరం. రోగం తీవ్రమైనది కనుక చనిపోతున్నారని అందరూ అనుకున్నారు. చికిత్స వల్ల చనిపోతున్నారేమో అని ఎవరికీ తోచలేదు.

సైన్యం ఈ సంగతి తేల్చడానికి ఒక వైద్య సంఘాన్ని నియమించి వర్జీనియాలోని క్యాంప్ లీకి పంపింది. అందులో గ్రాహమ్ ఒకరు. ఆయన, రిచర్డ్ బెల్ అనే మరో వైద్యుడు కలిసి ఓపికగా ప్రయోగాలు చేశారు. ఛాతీలో రెండు ఊపిరితిత్తుల నడుమ ఉన్న భాగం గట్టి గోడలాంటిదని, ఒక వైపు కోస్తే రెండో వైపుకు ఏమీ కాదని అప్పటి వైద్యులు నమ్మేవారు. అది గోడ కాదు, కదిలే తెర వంటిదని వీరిద్దరూ చూపించారు. ఒక వైపు రంధ్రం చేసి బయటి గాలిని లోపలికి వదిలితే రెండు ఊపిరితిత్తుల మీదా దెబ్బ పడుతుంది. న్యుమోనియాతో అప్పటికే ఊపిరి అందని రోగికి ఆ దెబ్బ చాలు ప్రాణం పోవడానికి.

అందుచేత గ్రాహమ్ చెప్పిన మార్గం ఓర్పుతో కూడినది. న్యుమోనియా తీవ్రంగా ఉన్నంతకాలం ఛాతీని కోయకూడదు. సూదితో చీము లాగుతూ రోగిని నిలబెట్టాలి. చీము చిక్కబడి, ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కున్న తరువాత కోస్తే ప్రమాదం ఉండదు. బయటి గాలి లోపలికి పోకుండా జాగ్రత్తపడాలి. రోగికి మంచి ఆహారం అందాలి. ఈ పద్ధతి పాటించిన చోట మరణాలు 5 శాతం లోపుకు దిగాయి. చనిపోవలసిన యువకులు వందల సంఖ్యలో తల్లుల దగ్గరికి తిరిగి వెళ్ళారు.

ఇక్కడ గ్రాహమ్ చేసింది తన వృత్తి మొత్తాన్ని సరిదిద్దడం. పెద్దలు నేర్పినదే అయినా, పుస్తకాల్లో ఉన్నదే అయినా, రోగిని చంపుతున్నదని తేలితే విడిచిపెట్టాలని ఆయన నిరూపించారు. అప్పటికి ఆయన వయసు 35.

సెయింట్ లూయిస్

1919లో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆయనను శస్త్రచికిత్స శాఖకు అధిపతిగా పిలిచింది. అక్కడి బార్న్స్ ఆసుపత్రిలోనే ఆయన మిగిలిన జీవితమంతా గడిచింది. పూర్తికాలం ఆచార్యుడిగా ఉండడానికి ఒప్పుకున్నారు. వచ్చే రోగుల ఫీజుల మీద కాకుండా జీతం మీద బతుకుతూ బోధనకూ పరిశోధనకూ సమయం ఇవ్వడం అన్నమాట. ఆ రోజుల్లో ఒక సర్జన్ అలా ఒప్పుకోవడం చాలా అరుదు.

1924లో ఆయన, వారెన్ కోల్ అనే యువ వైద్యుడు కలిసి పిత్తాశయం ఎక్స్‌రేలో కనబడేలా చేసే మందును కనిపెట్టారు. అంతవరకూ పొట్ట కోసి చూస్తే తప్ప తెలియని జబ్బును కోయకుండానే కనుక్కోవడం సాధ్యమైంది. 1931లో ఛాతీ శస్త్రచికిత్సకు ప్రత్యేకంగా ఒక వైద్య పత్రిక మొదలైతే దానికి తొలి సంపాదకుడు ఆయనే. 1937లో అమెరికాలో సర్జన్లకు పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇచ్చే బోర్డు ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడూ ఆయనే. ఎవరు పడితే వారు కత్తి పట్టకూడదని, తగిన తర్ఫీదు ఉన్నవారే పట్టాలని ఆయన పట్టుదల.

ఇక ఆయన పేరు లోకమంతా తెలిసిన రోజుకు వద్దాం.

1933లో పిట్స్‌బర్గ్ నుంచి జేమ్స్ గిల్‌మోర్ అనే 48 ఏళ్ళ రోగి ఆయన దగ్గరికి వచ్చాడు. గిల్‌మోర్ కూడా డాక్టరే, కాన్పుల వైద్యుడు. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ఆ మాట మరణశిక్షతో సమానం. ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని తీసి చూడాలని గ్రాహమ్ నిర్ణయించారు. ఆపరేషన్‌కు ముందు గిల్‌మోర్ ఒకసారి ఇంటికి వెళ్ళి వచ్చాడు. ఆ కొద్ది రోజుల్లో ఆయన రెండు పనులు చేశాడని చెబుతారు. ఒకటి, పుచ్చిన పళ్ళు బాగుచేయించుకున్నాడు. రెండు, శ్మశానంలో తన సమాధికి స్థలం కొనుక్కున్నాడు. బతుకుతానన్న ఆశా, చావుకు సిద్ధపాటూ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఏప్రిల్ 5న ఆపరేషన్ జరిగింది. ఛాతీ తెరిచి చూస్తే క్యాన్సర్ అనుకున్న దానికంటే ముందుకు పాకి ఉంది. ఒక భాగం తీస్తే చాలదు. మొత్తం ఊపిరితిత్తిని తీయాలి, లేదా ఏమీ చేయకుండా కుట్లు వేసి రోగిని చావుకు వదిలేయాలి. అంతకుముందు రెండేళ్ళలో ఒకరిద్దరు వైద్యులు వేరే జబ్బులకు ఊపిరితిత్తిని విడతలుగా తీసి రోగిని బతికించారు. క్యాన్సర్‌కు, అదీ ఒకే విడతలో తీసి బతికించినవారు లేరు. గిల్‌మోర్ స్నేహితుడైన డాక్టరు ఒకాయన ఆ గదిలోనే నిలబడి చూస్తున్నాడు. గ్రాహమ్ ఆయనకు పరిస్థితి వివరించి, ముందుకు వెళ్ళారు.

ఊపిరితిత్తికి వచ్చే రక్తనాళాలనూ శ్వాసనాళాన్నీ బిగించి కట్టి, మొత్తం ఎడమ ఊపిరితిత్తిని బయటికి తీశారు. ఖాళీ అయిన చోట చీము పట్టకుండా ఉండడానికి ఆ పక్కనున్న కొన్ని పక్కటెముకలను కూడా తొలగించి, ఛాతీ గోడ లోపలికి ఒదిగేలా చేశారు. గిల్‌మోర్ రెండు నెలలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. తరువాత ఇంటికి వెళ్ళి, మళ్ళీ తన ప్రాక్టీసు మొదలుపెట్టాడు. ఒకే ఊపిరితిత్తితో మరో 30 ఏళ్ళు బతికాడు. కొన్న సమాధి స్థలం అంతకాలం ఖాళీగానే ఉంది.

అప్పటి నుంచి ఊపిరితిత్తుల శస్త్రచికిత్స ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగింది. ఆ విద్య మన దేశానికి రావడానికి కూడా ఎంతో కాలం పట్టలేదు. 1949లో డాక్టర్ రీవ్ బెట్స్ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఛాతీ శస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు. మన దేశంలో అలాంటి విభాగం అదే మొదటిది. అక్కడ చదువుకున్న, అక్కడ వైద్యం పొందిన తెలుగు కుటుంబాలు మన సంఘాల్లో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు.

ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న

ఇంతవరకూ చెప్పినది ఒక గొప్ప వైద్యుని కథ. మేము ఈ జీవితాన్ని ఎందుకు ఎంచుకున్నామో ఇక్కడి నుంచి తెలుస్తుంది.

గ్రాహమ్ సిగరెట్లు విపరీతంగా తాగేవారు. దశాబ్దాల అలవాటు. ఆ కాలంలో డాక్టర్లు, పాస్టర్లు, ఉపాధ్యాయులు అందరూ తాగేవారు. ఎవరూ దాన్ని ప్రమాదం అనుకోలేదు.

న్యూ ఆర్లీన్స్‌లో ఆల్టన్ ఆక్స్‌నర్ అనే సర్జన్ ఉండేవారు. ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్నవారు. విద్యార్థిగా ఉండగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయిన ఒకరి శవపరీక్షకు అందరినీ పిలిచి, ఇంత అరుదైన జబ్బు మళ్ళీ చూడకపోవచ్చని ఆచార్యుడు చెప్పారట. 1936లో ఆరు నెలల వ్యవధిలో అలాంటి రోగులు తొమ్మిది మంది తన దగ్గరికి రావడం చూసి ఆక్స్‌నర్ ఉలిక్కిపడ్డారు. విచారిస్తే అందరూ సిగరెట్ తాగేవారే. యుద్ధకాలం నుంచి సిగరెట్ వాడకం పెరగడమే దీనికి కారణమని ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

గ్రాహమ్ ఆ మాట నమ్మలేదు. సిగరెట్ల అమ్మకంతో పాటు క్యాన్సర్ పెరిగిన మాట నిజమే గానీ, ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళ అమ్మకం కూడా అలాగే పెరిగింది కదా అని ఎగతాళి చేశారు. పొగ రెండు ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంటే క్యాన్సర్ ఒక్కదానిలోనే ఎందుకు పుడుతుందని కూడా వాదించారు. చూడడానికి అది శాస్త్రవేత్త సందేహమే. కానీ సిగరెట్ వేళ్ళ మధ్య ఉన్న మనిషికి అలాంటి సందేహాలు సులభంగా పుడతాయి. మనకు ఇష్టమైన దానిమీద నేరం మోపితే, ఎంత చదువుకున్నవారైనా దాని తరఫు వకీలుగా మారిపోతారు.

1948 ప్రాంతంలో ఎర్నెస్ట్ విండర్ అనే వైద్య విద్యార్థి ఆయన దగ్గరికి వచ్చాడు. నాజీల పాలన నుంచి తప్పించుకుని జర్మనీ విడిచి వచ్చిన యూదు కుటుంబంలోని కుర్రవాడు. ఇంకా డాక్టరు పట్టా కూడా చేతికి రాలేదు. న్యూయార్క్‌లో రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయిన ఒక మనిషి శవపరీక్ష చూసినప్పటి నుంచి అతని మనసులో ఒక ప్రశ్న తొలుస్తోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా? దాన్ని తేల్చడానికి మీ ఆసుపత్రిలోని రోగులను ప్రశ్నలు అడగనివ్వండని గ్రాహమ్‌ను వేడుకున్నాడు.

ఒక్క మాటతో ఆ కుర్రవాణ్ణి వెనక్కి పంపే అధికారం గ్రాహమ్‌కు ఉంది. అలా పంపినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన పంపలేదు. తాను నమ్మని సంగతినే పరీక్షించడానికి అనుమతి ఇచ్చారు. తన రోగులను చూపించారు. చివరికి ఆ అధ్యయనం మీద తన పేరు కూడా పెట్టారు.

మనకు సిరియా సైన్యాధిపతి నయమాను గుర్తుకు రాక మానడు. ఇంట్లో పనిచేసే చిన్న పిల్ల చెప్పిన మాట విన్నందువల్లనే కదా ఆయన బాగుపడ్డాడు. పెద్దవాళ్ళ వినయం పెద్దవాళ్ళ ఎదుట కాదు, చిన్నవాళ్ళ ఎదుటే తెలుస్తుంది.

వాళ్ళ పద్ధతి సరళమైనది. క్యాన్సర్ ఉన్నవారినీ, లేనివారినీ కలిసి వారు ఎన్నాళ్ళుగా, రోజుకు ఎన్ని సిగరెట్లు తాగారో అడిగారు. అడిగేవారి అభిప్రాయం ఫలితం మీద పడకుండా ఉండడానికి, కొంతమందిని ఏ జబ్బో ఇంకా తేలకముందే ప్రశ్నించారు. అధ్యయనం 1950 మేలో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ఆ రకం క్యాన్సర్ ఉన్న 605 మంది పురుషుల్లో 96.5 శాతం మంది ఎన్నో ఏళ్ళుగా మోస్తరుగానో, అంతకంటే ఎక్కువగానో పొగతాగినవారే. క్యాన్సర్ లేని మగ రోగుల్లో అలాంటివారు 73.7 శాతం. అదే సంవత్సరం ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ విడిగా చేసిన అధ్యయనం కూడా అదే సంగతి చెప్పింది.

లెక్కలు కళ్ళెదుట ఉన్నాయి. అవి గ్రాహమ్ కోరుకున్న లెక్కలు కావు. అయినా దాచలేదు, నీరుగార్చలేదు. ఆ తరువాత కొద్దికాలానికే తన సిగరెట్ తాను మానేశారు. అప్పటికి ఆయనకు 70 ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. ఆ వయసులో మానడం ఎంత కష్టమో, మానాలని ప్రయత్నించినవారికే తెలుసు.

1951లో శాఖాధిపతి పదవి నుంచి విరమించారు గానీ ప్రయోగశాలను వదలలేదు. విండర్, అడెల్ క్రోనింగర్ అనే పరిశోధకురాలు, ఆయన కలిసి సిగరెట్ పొగ నుంచి తీసిన తారును ఎలుకల చర్మానికి నెలల తరబడి పూసి చూశారు. 81 ఎలుకల్లో దాదాపు 44 శాతానికి క్యాన్సర్ పుట్టింది. 1953 చివర ఇది ప్రచురితమైతే అమెరికా అంతటా కలకలం రేగింది. వెంటనే 1954 జనవరిలో సిగరెట్ కంపెనీలు 400కు పైగా వార్తాపత్రికల్లో పేజీ ప్రకటన వేసి, తమ సరుకు వల్ల హాని ఉందని రుజువు కాలేదని ప్రజలను నమ్మించడానికి పూనుకున్నాయి. డబ్బు సంపాదించేవారు ఆ నిజాన్ని విన్న తీరు అది. గ్రాహమ్ విన్న తీరు వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాం.

ఆఖరి రోజులు

1957 ఆరంభంలో గ్రాహమ్‌కు జలుబూ జ్వరం లాంటి అస్వస్థత వచ్చింది. ఎక్స్‌రే తీశారు. క్యాన్సర్. అది ఒక ఊపిరితిత్తిలో కాదు, రెండింటిలోనూ ఉంది. క్యాన్సర్ ఒక్కదానిలోనే ఎందుకు వస్తుందని ఒకప్పుడు ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన సొంత శరీరంలోనే రాసి ఉంది. తాను లోకానికి నేర్పిన ఆపరేషన్ తనకు పనికిరాదు. రెండు ఊపిరితిత్తులూ తీసివేస్తే మనిషి ఉండడు.

తన పాత స్నేహితుడు ఆక్స్‌నర్‌కు ఆయన ఉత్తరం రాశారు. తనకు ఏ జబ్బు వచ్చిందో దాచకుండా చెప్పారు. సిగరెట్ మానేసి ఐదేళ్ళు దాటిందని, కానీ అంతకుముందు మరీ ఎక్కువ ఏళ్ళు తాగానని రాశారు. ఒకప్పుడు ఎగతాళి చేసిన మనిషికే ఆ మాట రాయడం చిన్న సంగతి కాదు. ఉత్తరం రాసిన కొద్ది రోజులకే, 1957 మార్చి 4న కన్నుమూశారు. 74వ పుట్టినరోజుకు ఇంకా 15 రోజులుంది. ఆయన బతికించిన గిల్‌మోర్ అప్పటికి బతికే ఉన్నాడు.

మనకు ఏమి మిగిలింది

గ్రాహమ్‌ను పరిశుద్ధుల వరుసలో నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆయన జీవితం మన ముందు పెట్టే కొన్ని సంగతులు మాత్రం స్పష్టంగా చెప్పాలి.

మొదటిది, పొగతాగే అన్నదమ్ములకు. గ్రాహమ్ మానేసినా చనిపోయారు కదా, ఇక మానడం దేనికి అని ఎవరూ అనుకోవద్దు. సిగరెట్ మానిన పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం, తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. గుండెకు మేలు ఇంకా ముందే మొదలవుతుంది. గ్రాహమ్ జీవితం చెప్పేది మానడం వృథా అని కాదు, ఆలస్యం చేయవద్దని. క్షమాపణ పొందిన పాపానికి కూడా శరీరంలో పర్యవసానాలు మిగలవచ్చని మన పెద్దలు ఎప్పుడూ బోధించినదే.

రెండవది, మన ప్రాంతం గురించి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు పండించి, బ్యారన్లలో ఆకు కాల్చి బతికే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. ఉత్తర కోస్తా పల్లెల్లో నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మల అంగిట్లో పుట్టే క్యాన్సర్ గురించి వైద్య గ్రంథాలే రాశాయి. ఆ రైతును నిందించడం సులభం. ఆ అమ్మమ్మను ఎగతాళి చేయడం ఇంకా సులభం. అంతకంటే, పొగాకు నుంచి వేరే పంటకు మారాలనుకునే కుటుంబానికి తోడు నిలవడం, అమ్మమ్మను ఏడాదికి ఒకసారైనా నోటి పరీక్షకు తీసుకెళ్ళడం సంఘం చేయగల పనులు. చాపకింద నీరులా చేరే జబ్బును ముందుగా పట్టుకోవడమే దానికి మొదటి మందు.

మూడవది, సర్జన్ కావాలనుకునే మన పిల్లలకు, వారి కోసం ప్రార్థించే తల్లిదండ్రులకు. గ్రాహమ్ జీవితంలో నిజం మూడుసార్లు వచ్చి తలుపు తట్టింది. మేసన్ సిటీలో అది ఆయన సంపాదనను అడిగింది. క్యాంప్ లీలో ఆయన వృత్తి నమ్మకాలను అడిగింది. విండర్ రూపంలో వచ్చినప్పుడు ఆయన సొంత అలవాటునూ, తాను బహిరంగంగా అన్న మాటలనూ అడిగింది. మూడవసారి తలుపు తెరవడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టింది. అందరికీ అంతే. ఇతరుల తప్పు చూడగలిగే కన్ను మనకు ముందే తెరుచుకుంటుంది. మన తప్పు చూసే కన్ను ఆలస్యంగా తెరుచుకుంటుంది. అయినా ఆయన తెరిచారు. ఆ తెరిచినందువల్ల, ఆయన కత్తి కాపాడిన వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది, ఆయన పేరు కూడా తెలియని వారు, సిగరెట్ మాని బతికారు.

కాబట్టి వచ్చే ఆదివారం ఎవరైనా తల్లి తన బిడ్డకు మెడికల్ సీటు కోసం చీటీ రాసి ఇస్తే సంఘమంతా ఆమేన్ అందాం. దానికి ఇంకొక్క మనవి కలుపుదాం. ఈ బిడ్డ చేతులకు నేర్పు ఇమ్మని, దానితో పాటు చిన్నవాళ్ళు చెప్పినా, తనకు నష్టం కలిగించినా నిజాన్ని వినే చెవి ఇమ్మని అడుగుదాం. మొదటిది ఉన్న వైద్యులు మన పట్టణాల్లో చాలామంది ఉన్నారు. రెండవది కూడా ఉన్నవారి కోసం రోగులు ఎదురుచూస్తున్నారు.